గోడ మీద పాకే సంచి పురుగుని గుర్తుపట్టడం, దగ్గర్నించి గమనించడం ఎలా

గోడ మీద బూడిద రంగులో చిన్న మట్టి పెళ్ళ ఒకటి అతుక్కుని ఉంటుంది, ఏదో దుమ్ములే అనుకుని వదిలేస్తాం, కాసేపాగి అటు చూస్తే అది రెండంగుళాలు పైకి జరిగి ఉంటుంది. అది మట్టి కాదు, లోపల ఒక పురుగు ఉంది, ఇంకొన్నాళ్ళకి దానికి రెక్కలొచ్చి మాత్, అంటే చిమ్మట, అయ్యి ఎగిరిపోతుంది. తేమ ఎక్కువుండే ఊళ్ళల్లో దాదాపు ప్రతి ఇంట్లో ఇది కనపడుతుంది, చాలామంది చీపురుతో దులిపేస్తారు, కొంతమంది భయపడి స్ప్రే కొట్టేస్తారు, కానీ ఒక్కసారి ఆగి టార్చ్ వేసి చూసినవాళ్ళు తక్కువ. నేను చెప్పదల్చుకుంది అదే, ముందు చూడండి, తర్వాత తియ్యండి. ఇది ఏంటో, ఏం తింటుందో, ఎక్కడ ఉంటుందో తెలిస్తే దాన్ని ఇంట్లోంచి పంపించడం కూడా చాలా తేలిక, మందులేవీ అక్కర్లేదు.

దీన్ని ఇంగ్లీషులో హౌస్‌హోల్డ్ కేస్‌బేరర్ అంటారు, ప్లాస్టర్ బ్యాగ్‌వర్మ్ అని కూడా అంటారు, మనవాళ్ళు సంచి పురుగు, గూడు పురుగు అని ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుస్తారు. సైన్స్ పేరు ఫెరియోకా యుటెరెల్లా, 1897లో వాల్సింగ్‌హామ్ అనే ఆయన దీన్ని వర్ణించి ఈ పేరు పెట్టాడు. టినీడే అనే కుటుంబం దీనిది, ఉన్ని బట్టలకి చిల్లులు పెట్టే మాత్‌లు కూడా ఈ కుటుంబంలోవే. ఈ కుటుంబం గురించి నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే వీటిలో పచ్చని ఆకులు తినేవి చాలా తక్కువ, ఫంగస్, ఈకలు, రాలిన వెంట్రుకలు, ఎండిపోయిన చెత్తా చెదారం, ఇట్లా ఇంకెవరూ ముట్టని వాటి మీదే బతుకుతాయి. వెంట్రుకలో ఉన్నిలో ఉండే కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌ని అరిగించుకోవడం చాలా జీవుల వల్ల కాదు, వీటిలో కొన్నిటికి ఆ శక్తి ఉంది.

ముందు సంచిని చూడటం నేర్చుకోండి

పురుగుని నేరుగా చూడటం కష్టం, ఎక్కువ టైం లోపలే ఉంటుంది కాబట్టి, గుర్తుపట్టడం అంతా సంచితోనే. బాగా ఎదిగిన పురుగు సంచి 8 నుంచి 14 మిల్లీమీటర్ల పొడవు, 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, గుమ్మడి గింజ ఆకారం, పల్చగా బల్లపరుపుగా ఉండి నడుం దగ్గర వెడల్పు, రెండు కొసలు సన్నం. రెండు కొసల్లోనూ చీలిక ఉంటుంది, అవే దాని తలుపులు, ముందు వెనక అనే తేడా లేదు, రెండు వైపుల నుంచీ తల బయట పెట్టగలదు. నడుం దగ్గర అంత వెడల్పు ఎందుకంటే లోపలే తిరగబడాలి కదా, అక్కడ చోటుంటేనే అటు తల ఇటు తిప్పుకోగలదు.

ఇప్పుడు పైపూత చూడండి. ఇక్కడ కాస్త టైం పెట్టండి, ఫోన్‌కి క్లిప్ పెట్టుకునే మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మంచిది. లోపలి గోడ అంతా అది తీసిన పట్టు దారం, నున్నగా ఉంటుంది, బయట మాత్రం దొరికిందల్లా అతికించుకుంటుంది, ఇసుక రేణువులు, మట్టి, తుప్పు పొడి, పురుగుల రెట్టలు, చచ్చిన పురుగుల ముక్కలు, వెంట్రుకలు, బట్టల పీచు. అందుకే ఒక ఇంట్లో సంచులు తెల్లగా కనిపిస్తాయి ఇంకో ఇంట్లో ఎర్రమట్టి రంగులో కనిపిస్తాయి, పురుగు వేరు కాదు, చుట్టుపక్కల దొరికే సరుకు వేరు. లెన్స్‌లో చూస్తే ఒక్కో రేణువు పక్కన ఇంకోటి పేర్చి దారంతో కట్టేసిన తీరు కనిపిస్తుంది, మధ్యలో ఎక్కడో ఒక నీలం దారప్పోగు, ఒక దోమ కాలు, నాకైతే ఎంతసేపు చూసినా విసుగు రాదు.

టార్చ్ ఎదురుగా వెయ్యకండి, వెలుగు తిరిగి కళ్ళలో కొడుతుంది, గోడకి ఆనించి పక్కనుంచి వాలుగా వెయ్యండి, అప్పుడు నీడ పడి సంచి ఎత్తు, అంచు, చీలిక అన్నీ తెలుస్తాయి. ఊపిరి దాని మీద పడకుండా చూస్కోండి, గోడ మీద చేత్తో తట్టకండి. కదలిక తగిలిందంటే చాలు కింది అంచుని పైకి లాగి తలుపు మూసేస్తుంది, ఆ మూత ఎంత గట్టిదంటే చిన్న చిన్న శత్రువులు దాన్ని తెరవలేవు. అట్లా మూసుకుంటే వదిలెయ్యండి, పక్కన కూర్చుని కొన్ని నిమిషాలు ఆగండి, దానంతట అదే తల బయట పెడుతుంది.

తల బయటకి వచ్చాక చూడాల్సినవి ఇవి. తల ముదురు గోధుమ రంగు, తల వెనక మూడు ఖండాల మీద గట్టి నల్లటి పలకలు ఉంటాయి, మిగతా ఒళ్ళు తెల్లగా ఉంటుంది గానీ అది సంచిలోనే ఉంటుంది కాబట్టి మీకు కనపడదు. బయటకొచ్చే భాగం మాత్రమే గట్టిగా ముదురుగా ఉండటం, దాక్కునే భాగం మెత్తగా తెల్లగా ఉండటం, ఇది ఆలోచిస్తే ఎంత పొదుపో అర్థమవుతుంది. గోధుమ రంగు కాళ్ళు మూడు జతలు, వాటితో గోడని పట్టుకుని సంచిని ఈడ్చుకుంటూ పోతుంది. వెనక పొట్ట కింద ఉండే పొట్టి తెల్ల కాళ్ళకి ఒక్కోదానికి 23 నుంచి 25 దాకా బుల్లి కొక్కేలు ఉంటాయి, వాటితో సంచి లోపలి పట్టుని పట్టుకుంటుంది. అందుకే సంచిని పట్టుకుని పురుగుని బయటికి లాగాలని చూడకండి, అది వదలదు, తెగిపోతుంది పాపం. పూర్తిగా ఎదిగినా పురుగు 7 మిల్లీమీటర్లే, అంటే సంచి దానికంటే చాలా పెద్దది.

సంచిలో ప్రాణం ఉందా లేదా అనేది చాలామందికి వచ్చే డౌట్. కదులుతుంటే సరే. కదలకుండా ఉంటే ఒక పల్చటి కాగితం అంచుతో మెల్లగా కదిలించి చూడండి. ఊరికే ఊడి వచ్చేసి, తేలిగ్గా ఉండి, కొసలు తెరుచుకునే ఉంటే అది ఖాళీ. రెండు కొసలూ గోడకి పట్టుతో గట్టిగా అతుక్కుని ఉంటే లోపల ప్యూపా, అంటే మాత్‌గా మారే దశలో ఉన్న పురుగు, ఉండొచ్చు, దాన్ని పీకకండి. ఒక కొస నుంచి లేత గోధుమ రంగు పల్చటి పొట్టు బయటికి పొడుచుకుని ఉంటే మాత్ ఎగిరిపోయింది, మిగిలింది ఇల్లు మాత్రమే.

ఎక్కడ వెతకాలి

మూడు విషయాలు గుర్తు పెట్టుకుంటే చాలు, తేమ, నీడ, పాత బూజు. ఈ మూడు కలిసిన చోట ఇది ఉంటుంది. బాగా పొడిగా ఉండే చోట దీని జీవితచక్రం పూర్తి కాదు, అందుకే ఎండు ప్రాంతాల వాళ్ళకి ఇది పెద్దగా తెలీదు, సముద్రం దగ్గర ఉండేవాళ్ళకి, వాన ఎక్కువ పడే చోట ఉండేవాళ్ళకి బాగా తెలుసు. బ్రెజిల్, గయానా, అమెరికాలో ఫ్లోరిడా, లూసియానా లాంటి తేమ ప్రాంతాలు దీని గురించి ఎక్కువ రాసిన చోట్లు.

ఇంట్లో అయితే బాత్రూంతో మొదలు పెట్టండి, గోడ కప్పు కలిసే మూల, తలుపు వెనకాల, కిటికీ చెక్క కింద. తర్వాత బెడ్రూంలో మంచం తలవైపు గోడ, బీరువా వెనక సందు, కర్టెన్ల మడతలు, ఎందుకంటే రాలిన వెంట్రుకలు చేరేది అక్కడే. కార్పెట్ ఉన్నవాళ్ళు దాని అంచు ఎత్తి కింద చూడండి, ఉన్నిది అయితే తప్పకుండా చూడండి. మెట్ల కింద, గ్యారేజీలో, స్టోర్ రూంలో పాత సామాన్ల మీద కూడా ఉంటాయి. గోడ నేల కలిసే గీత వెంట టార్చ్ పట్టుకుని ఒక రౌండ్ వేస్తే ఎక్కడెక్కడ ఉన్నాయో మొత్తం బయటపడుతుంది, గుడ్లు పెట్టేది కూడా ఆ సందుల్లోనే.

ఇది ఇంటి పురుగే గానీ ఇంట్లోనే ఉండాలని లేదు. బయట నీడ పడే గోడలు, షెడ్లు, వాడకుండా పక్కన పెట్టిన యంత్రాల కింద భాగం, ఆరుబయట వేసిన కుర్చీల అడుగు, చెట్ల మొదళ్ళు, వీటి మీద కూడా ఉంటుంది. సాలెగూడు కనిపిస్తే దాని కిందనే గోడ మీద చూడండి, ఎందుకంటే దాని అసలు భోజనం అదే, సాలీడు వదిలేసిన పాత గూడు.

ఏం తింటుందో తెలిస్తే సగం పని అయినట్టే

పాత సాలెగూళ్ళు బాగా తింటుంది, ఉన్ని తింటుంది. 1979లో అనెట్ ఐయెల్లో అనే కీటక శాస్త్రవేత్త పనామాలో దీనికి దగ్గరి చుట్టమైన ఫెరియోకా అల్యుటెల్లా మీద పని చేసి దాని జీవితం అంతా రాసింది, ఆమె చచ్చిన దోమలు, తన సొంత జుట్టు పెట్టినా అవి తిన్నాయి. మన ఇంట్లో దానికి తిండి ఎక్కడ్నించి వస్తుందా అని ఆలోచిస్తే ఇదే సమాధానం, దువ్వెన నుంచి రాలిన వెంట్రుకలు, ఫ్యాన్ వెనక మూలల్లో బూజు, లైట్ కింద రాలిన దోమలు. నూలు బట్టల జోలికి పెద్దగా రాదు, ఉన్ని ఉంటే మాత్రం వదలదు. మనల్ని కుట్టదు, కరవదు, దానికి మన మీద ఆసక్తే లేదు, ఒంటి మీద దద్దుర్లు వస్తే కారణం ఇదే అని తేల్చెయ్యకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

గుడ్డు నుంచి రెక్కల దాకా

ఆడ మాత్ గోడ నేల కలిసే చోట, పగుళ్ళలో, దుమ్ము మీద గుడ్లు అతికిస్తుంది, వారం రోజుల్లో 200 దాకా పెట్టి చచ్చిపోతుంది. గుడ్డు లేత నీలం రంగు, 0.4 మిల్లీమీటర్లు, కంటితో చూసి గుర్తుపట్టడం దాదాపు కుదరదు. గుడ్లు పగలటానికి పది రోజులు అంతకంటే కొంచెం ఎక్కువ పడుతుంది.

పిల్ల పురుగు బయటికి రాగానే చేసే మొదటి పని ఇల్లు కట్టుకోవడం, ఆ కట్టే పద్ధతి తెలుసుకోవాల్సిందే. ముందు దారం తీసి, దానికి ఇసుక రేణువులు, చెత్త ముక్కలు అంటించి, తన ఒంటి మీదుగా ఒక వంపు కడుతుంది, రెండు కాళ్ళూ నేలకి ఆని ఉండే కమాను అన్నమాట. ఆ కమాను కింద దాక్కునే మిగతా పని చేస్తుంది. తర్వాత కింద వైపు కూడా దారంతో మూసి గుండ్రటి గొట్టం చేసేస్తుంది, అప్పుడు నేల నుంచి విడిపించుకుని ఇంటిని ఈడ్చుకుంటూ నడక మొదలు పెడుతుంది. చర్మం వదిలినప్పుడల్లా ఒళ్ళు పెరుగుతుంది కాబట్టి సంచిని కూడా పెంచుకుంటూ పోతుంది, చిన్నప్పుడు గొట్టంలా గుండ్రంగా ఉన్నది పోను పోను బల్లపరుపు అవుతుంది. అందుకే ఒకే గోడ మీద చిన్నవి పెద్దవి రకరకాల సైజుల్లో ఉంటే వేర్వేరు పురుగులు అనుకోకండి, వేర్వేరు వయసులు అంతే. మొత్తం ఆరేడు దశలు, సుమారు 50 రోజులు పడుతుంది.

తిండి చాలనుకున్నాక గోడ ఎక్కుతుంది, రెండు కొసలూ గోడకి కట్టేసుకుంటుంది. ప్యూపా అవ్వబోయే ముందే ఒక కొస దగ్గర రెండు అంచుల వెంట చిన్న చీలిక కోసి ఆ కొసని పల్చగా చేసి పెట్టుకుంటుంది, లోపల్నుంచి తోస్తే తెరుచుకునే తలుపు అది, బయట్నుంచి తోస్తే తెరుచుకోదు. ఎందుకంటే మాత్ అయ్యాక దానికి కొరికే నోరు ఉండదు, తలుపు కోసుకునే పని పురుగుగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాలి. ప్యూపాగా 11 నుంచి 23 రోజులు ఉంటుంది, మాత్ ఎక్కువగా మధ్యాహ్నం పూట బయటికి వస్తుంది, వచ్చేటప్పుడు ప్యూపా పొట్టు ఆ తలుపులోంచి ముప్పావు వంతు బయటికి జరిగి అట్లాగే ఉండిపోతుంది, ఇందాక చెప్పిన పొట్టు అదే. గుడ్డు నుంచి మాత్ దాకా మొత్తం 62 నుంచి 86 రోజులు, సగటున 74 రోజులు.

మాత్‌ని గుర్తుపట్టడం

సంచిని వందమంది చూస్తే మాత్‌ని చూసేది ఒకరో ఇద్దరో. చిన్నది, బూడిద రంగు, గోడ మీద వాలితే మరకలా కలిసిపోతుంది. ఆడదానికి రెక్కలు చాపితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు, ముందు రెక్కల మీద నాలుగు దాకా ముదురు మచ్చలు ఉంటాయి, వెనక రెక్కల వెనక అంచున పొడుగాటి లేత బూడిద రంగు నూగు కుచ్చు ఉంటుంది. మగది ఇంకా చిన్నది, 7 నుంచి 9 మిల్లీమీటర్లు, సన్నగా ఉంటుంది, మచ్చలు అంత స్పష్టంగా ఉండవు. వాలినప్పుడు రెక్కలు పరచదు, ఒంటి మీద రెండు వైపులా ఏటవాలుగా కప్పుకుంటుంది. తల మీద నూగు ఒత్తుగా చింపిరిగా ఉంటుంది, మీసాలు దారాల్లా సన్నగా దాదాపు రెక్కలంత పొడవు, వాటిని వెనక్కి మడిచి ఒంటి మీద పెట్టుకుంటుంది.

ఎగిరితే చురుగ్గానే ఎగురుతుంది గానీ ఎక్కువసేపు గోడల మీద, నేల అంచుల్లో, ఇంట్లో సాలెగూళ్ళ మీద కూర్చుని ఉంటుంది. సాలెగూడు మీదే వాలే మాత్ అంటే నాకు మొదట్లో నమ్మబుద్ధి కాలేదు, కానీ పాత గూళ్ళ మీద టార్చ్ వేసి ఓపిగ్గా చూస్తే దొరుకుతాయి. మీరు సంచులు చూసిన చోటే, గోడ కింది భాగంలో వెతకండి. రాత్రి లైట్ దగ్గరే కాపు కాయాల్సిన పని లేదు.

ఫొటో ఒక్కటే చూసి ఇది కచ్చితంగా యుటెరెల్లానే అని చెప్పడం కష్టం. ఫెరియోకా ప్రజాతిలో ఇంకా జాతులున్నాయి, సంచులు బయటికి ఒకేలా ఉంటాయి, తేల్చాలంటే మాత్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి జననాంగాల నిర్మాణం చూడాలి. కాబట్టి జీవుల ఫొటోలు పెట్టి పేర్లు కనుక్కునే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు ఫెరియోకా అని ప్రజాతి వరకు రాయండి, అది తప్పేం కాదు, నిజాయితీగా చెప్పడం. సంచి మొత్తం ఒక ఫొటో, కొస చీలిక దగ్గర్నించి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి, దొరికితే మాత్ పైనుంచి ఒకటి పక్కనుంచి ఒకటి, ఇవి ఉంటే చూసేవాళ్ళకి పని తేలిక. ఏ గది, ఏ గోడ, పక్కన బూజు ఉందా, తేమ ఉందా అనేది కూడా రెండు ముక్కలు రాయండి.

వేటితో పొరబడతారంటే

బట్టల్లో దొరికే కేస్ మాత్ అనేది ఒకటుంది, టినియా పెల్లియోనెల్లా, అది కూడా సంచి మోస్తుంది గానీ దాని సంచి బల్లపరుపుగా ఉండదు, గుండ్రటి గొట్టం, అది తినే బట్ట పీచుతోనే కట్టుకుంటుంది కాబట్టి బట్ట రంగే సంచికి కూడా ఉంటుంది. ఎర్ర శాలువా మీద ఎర్ర గొట్టం కనిపిస్తే అది ఈ కేస్ మాత్. ఇంకో బట్టల మాత్, టినియోలా బిసెలియెల్లా, దాని పురుగు అసలు సంచి మొయ్యదు, ఒక చోట పట్టు సొరంగం అల్లుకుని అందులో ఉంటుంది, మాత్ మచ్చల్లేకుండా బంగారు రంగులో మెరుస్తుంది, తల మీద నూగు కాస్త ఎర్రగా ఉంటుంది.

మొక్కల మీద పుల్లలు ఆకు ముక్కలు అతికించుకుని వేలాడే పెద్ద సంచులు వేరే కుటుంబం, సైకిడే, అవే అసలైన బ్యాగ్‌వర్మ్‌లు, వాటిలో చాలా జాతుల్లో ఆడదానికి రెక్కలే రావు, సంచిలోనే జీవితం అంతా. పిండి డబ్బాల్లో దారాలు అల్లే పురుగు ప్లోడియా, దాని మాత్ రెక్క మొదట్లో లేత రంగు, చివర రాగి రంగు, రెండు రంగులు ఉంటాయి కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. ఇక బాత్రూం గోడ మీద వాలే చిన్న నూగు పురుగులు, వెడల్పు రెక్కలు పరుచుకుని కూర్చునేవి, అవి మాత్‌లే కావు, డ్రెయిన్ ఫ్లై అనే ఈగ జాతి, రెక్కలు రెండే ఉంటాయి, మాత్‌కి నాలుగు.

ఒకదాన్ని పెంచి మాత్ అయ్యేదాకా చూడాలంటే

ఇది పిల్లలతో చెయ్యడానికి చాలా మంచి పని, కష్టం ఏం లేదు. గాజు సీసా గానీ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా గానీ తీస్కోండి, మూతకి బదులు పల్చటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యండి. సంచిని వేళ్ళతో నొక్కి పట్టుకోకుండా కాగితం కిందికి తోసి ఎత్తి లోపల పెట్టండి, కదులుతున్నదాన్నే తీస్కోండి, గోడకి కట్టేసుకున్నదాన్ని కదిలించొద్దు. లోపల మూలల్లోంచి తీసిన పాత బూజు ఒక ముద్ద, రాలిన వెంట్రుకలు కొన్ని, చచ్చిన దోమలు ఉంటే అవి, కొంచెం సన్న ఇసుక. ఒక అట్టముక్క నిలువుగా ఆనించి పెట్టండి, ప్యూపా అయ్యే ముందు ఎక్కడానికి నిలువు చోటు కావాలి.

ఎక్కువమంది దగ్గర ఇది చచ్చిపోయేది తేమ విషయంలోనే, అయితే ఎండిపోతుంది లేకపోతే ఫంగస్ పడుతుంది. తడి దూది చిన్న ముక్క ఒక బుల్లి మూతలో పెట్టి డబ్బాలో ఒక మూలన ఉంచండి, నేరుగా నీళ్ళు చల్లకండి, డబ్బా లోపలి గోడల మీద నీటి చుక్కలు పడుతున్నాయంటే తేమ ఎక్కువైంది, దూది తీసేసి ఒక రోజు ఆగండి. ఎండ తగలని చోట పెట్టండి. తిండి అయిపోతే తన జాతి పురుగుల పాత సంచులే కొరకడం మొదలు పెట్టొచ్చు, అందుకని బూజు అప్పుడప్పుడు వేస్తూ ఉండండి. రెండు కొసలూ కట్టేసుకుంది అని కనిపించిన రోజు తేదీ రాసి పెట్టుకోండి, ఇంక డబ్బాని కదపకండి, రెండు మూడు వారాల్లో మధ్యాహ్నం పూట ఓ కన్నేసి ఉంచండి.

ఒక్కోసారి మాత్‌కి బదులు చిన్న కందిరీగ బయటకి వస్తుంది, నిరాశ పడొద్దు. అపాంటెలిస్ అనే కందిరీగల్లో ఒక జాతి ఈ పురుగు మీద బతుకుతుంది, పురుగు ప్యూపా అవ్వకముందే చంపేస్తుంది. అంత గట్టి తలుపు వేసుకున్న సంచిలోకి కూడా దారి కనుక్కునే జీవి ఒకటుందన్నమాట. అది కూడా ఫొటో తీసి పెట్టండి, అలాంటి రికార్డులు తక్కువ, కీటకాల మీద పని చేసేవాళ్ళకి పనికొస్తాయి.

మాత్ వస్తే దానికి తిండి పెట్టాలని చూడకండి, తినదు, పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని బతుకంతా. చూసి, ఫొటో తీసుకుని, ఇంటి బయట నీడ ఉన్న గోడ దగ్గర వదిలెయ్యండి.

ఇంట్లో ఎక్కువైపోతే

గోడకి నాలుగైదు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. ప్రతి మూలా పదుల్లో ఉన్నాయంటే మాత్రం ఇంట్లో బూజు, వెంట్రుకలు, తేమ ఎక్కడో పేరుకున్నాయని అర్థం, పురుగుతో గొడవ పడకుండా వాటి సంగతి చూడండి. స్ప్రే కొడితే సంచి దాన్ని చాలావరకు కాపాడేస్తుంది, ఒకవేళ చచ్చినా తిండి అట్లాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళకి మళ్ళీ వస్తాయి, మధ్యలో ఆ మందు పీల్చేది మనమే. అందుకే నేను స్ప్రే వద్దంటాను.

కప్పు మూలల్లో బూజు ముందు దులపండి, తర్వాత మంచం కింద, సోఫా కింద, బీరువా వెనక వెంట్రుకలు తియ్యండి, వాక్యూమ్ క్లీనర్ ఉంటే సన్న మూతి పెట్టి గోడ నేల కలిసే గీత వెంట లాగండి, గుడ్లు కూడా అక్కడే ఉంటాయి కదా. సంచుల్ని ఏరి ఇంటికి దూరంగా చెట్టు మొదట్లో పడేసినా చాలు. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడపండి, కారే పైపు, చెమ్మ పట్టిన గోడ ఉంటే అది బాగు చేయించండి, తేమ తగ్గితే గుడ్లు పురుగులు నిలవవు.

ఉన్ని బట్టలు దాచే ముందు ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరబడని సంచిలో పెట్టండి. కలరా ఉండలు ఊరికే అల్మారాలో పడేస్తే పెద్ద ఉపయోగం లేదు, మూసిన పెట్టెలో అయితేనే దాని వాసన పని చేస్తుంది, పైగా చాలా ఉండల్లో నాఫ్తలీన్ అనే రసాయనం ఉంటుంది, పసిపిల్లలు ఉన్న ఇంట్లో అసలు వాడకండి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్ళకి దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. మింగితే ఎవరికైనా ప్రమాదమే.

ఒకసారి శుభ్రం చేసి అయిపోయింది అనుకోవద్దు. సందుల్లో మిగిలిన గుడ్లు మాత్‌లు అవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, నెలకోసారి అవే మూలలు టార్చ్ వేసి చూస్కోండి, మూడో నెలలో కూడా కొత్త చిన్న సంచులు కనపడకపోతే ఆ గది సంగతి తేలిపోయినట్టే, కనపడితే ఆ సంచులున్న చోటికి ఒక మీటరు లోపల తిండి ఎక్కడుందో వెతకండి, చాలాసార్లు అది ఏ బీరువా వెనకో దొరుకుతుంది.